రోసెండా పెట్టిన సంతకాలు

మా ఊరు సాన్ టెలెస్ఫోరో పోలీసు స్టేషన్ ముందుగదిలో ఒక బల్ల ఉంది. దాని మీద పరిచిన పూల ప్లాస్టిక్ గుడ్డను ఎప్పుడు ముట్టుకున్నా వేళ్లకు జిడ్డు అంటుకుంటుంది. పట్టుబడిన సరుకు పెట్టేది ఆ బల్ల మీదే, పోలీసులు మధ్యాహ్నం ఎండుచేపలు నంజుకుంటూ అన్నం తినేది ఆ బల్ల మీదే. రోసెండా పాల్మారెస్ పదకొండేళ్లపాటు సాక్షి సంతకాలు పెట్టింది కూడా ఆ బల్ల మీదే.

షాబు అనే మత్తుపొడి ఎవరి దగ్గరైనా దొరికితే, దొరికిన చోటే, దొరికినవాడి కళ్లముందే సరుకు జాబితా రాయాలని చట్టం. పోలీసులే పొట్లం జేబులో వేసి, పోలీసులే పట్టుకున్నామని చెప్పకుండా, ఇద్దరు బయటివాళ్లు పక్కన నిలబడి చూసి సంతకం పెట్టాలి. మా దగ్గర ఆ ఇద్దరిలో ఒకరు వార్డు సభ్యుడు, ఇంకొకరు విలేకరి. ఆ చట్టం రాసినవాళ్లు మంచివాళ్లే అయ్యుంటారు. విలేకరి చూస్తుంటే తప్పు చేయడానికి పోలీసులు జంకుతారని నమ్మారు. మా ఊరి విలేకరిని వాళ్లెప్పుడూ చూసి ఉండరు.

మా ఊరి పద్ధతి వేరు. పట్టుకోవడం ఎక్కడో ఏ సందులోనో అయిపోయేది. గంటకో, మూడు గంటలకో రోసెండా ఫోను మోగేది.

"విలేకరమ్మా, ఎక్కడున్నావ్? రెండు పొట్లాలు, ఒక మనిషి. బిబింకా తెప్పించాను, చల్లారిపోతోంది, రా," అనేవాడు సార్జెంట్ పానెస్.

కొబ్బరిపాలు పోసి కాల్చిన ఆ రొట్టె ఒక చేత్తో తింటూ, రెండో చేత్తో ఆమె సంతకం పెట్టేది. వార్డు సభ్యుడు పళ్లలో పుల్ల పెట్టుకుని వచ్చి, తన సంతకం తను గీకి, పుల్ల తీయకుండానే వెళ్లిపోయేవాడు. తర్వాత ఫొటో. వెనక స్టేషన్ గోడ కనబడకుండా ఒక నీలం టార్పాలిన్ పట్టా కట్టేవారు. దాని ముందు నిలబడి రోసెండా పొట్లాల వైపు చూపుడువేలు చూపించాలి. "ఇంకొంచెం కిందికక్కా... ఆఁ, అంతే," అని కెమెరా పట్టుకున్న కానిస్టేబుల్ సర్దేవాడు. ఆమె వేలికున్న జిడ్డు ప్యాంటుకు తుడుచుకుని, మొహం గంభీరంగా పెట్టి చూపించేది. అరగంటలో వార్త రేడియోకి చేరిపోయేది. ఊళ్లో అందరికన్నా ముందు ఆమె వార్తే.

పోనీ చెడ్డ మనిషా అంటే కాదు. నాకు అదే ఎక్కువ రోత. చెడ్డవాళ్లనైతే నాలుగు తిట్టి చేతులు దులుపుకోవచ్చు.

రోసెండా సంతలో ఎండుచేపలు అమ్మే ఇంట పుట్టింది. బళ్లో పిల్లలు ఆమె పక్కన కూర్చోకుండా ముక్కు మూసుకునేవారు. ఆమె గొంతు మాత్రం బాగుండేది. పంతొమ్మిదో ఏట మా ఊరి చిన్న రేడియో స్టేషన్‌లో చావు కబుర్లు చదివే పని దొరికింది. ఫలానావారు పోయారు, శవం ఫలానా ఇంట్లో ఉంది, తొమ్మిది రోజుల ప్రార్థన ఫలానా రోజు మొదలు. ఆమె చదివితే పోయినవాళ్లకు కూడా మర్యాదగా ఉండేదని ముసలమ్మలు మెచ్చుకునేవారు. తర్వాత బయట తిరిగి వార్తలు తెచ్చే పనిలో వేశారు. వార్త ఆమె తెచ్చేది. రేడియోలో చదివేది మాత్రం డిగ్రీ ఉన్న ఒక కుర్రాడు, అదీ తన సొంత వార్తలా. ఒకసారి మేనేజరును అడిగింది.

"నా వార్త నేను చదువుకుంటే తప్పేంటి సార్?"

"డిగ్రీ లేనివాళ్ల గొంతు చావులకే బాగుంటుందమ్మా," అన్నాడాయన, పళ్లు బయటపెట్టి నవ్వుతూ.

ఆ మాట ముల్లులా దిగింది. మా విశ్వవిద్యాలయంలో అప్పుడే ఒక కొత్త చదువు పెట్టారు. విలేకరి విద్య, నేరన్యాయం, రెండూ కలిపి ఒకే డిగ్రీ. ఉద్యోగాలు చేసుకునేవాళ్ల కోసం శనివారాలు పాఠాలు. ఊళ్లో దానికి "సగం పెన్ను, సగం లాఠీ" అని పేరు పెట్టారు. ముప్పయ్యారేళ్ల వయసులో రోసెండా అందులో చేరింది. పద్దెనిమిదేళ్ల పిల్లల మధ్య, డిపార్ట్‌మెంటు ఎర్రచొక్కా వేసుకుని, ముందు బెంచీలో కూర్చునేది. పిల్లలు "పిన్నీ" అని పిలుస్తూ ఆమె నోట్సు చూసి రాసుకునేవారు.

పొద్దున విలేకరి పాఠం. "చూసింది మాత్రమే చూశానని రాయండి. చూడనిది ఎవరు చెప్పారో రాయండి," అని పంతులమ్మ ప్రతివారం అరిచేది. మధ్యాహ్నం నేరన్యాయం. అది చెప్పేది అటార్నీ సోబ్రెవేగా, జుట్టంతా నెరిసిన వకీలమ్మ. పాఠం చెబుతూ ఉప్పు అద్దిన పచ్చిమామిడి ముక్కలు నములుతుండేది. "పొట్లం చేతులు మారిన ప్రతిచోటా ఒక దొంగ దూరడానికి సందు ఉంటుంది. ఆ సందుకు కాపలా కుక్క సాక్షి. ఆ కుక్కే నిద్రపోతే ఇంక ఇల్లెవరిది?" అనేది. పొద్దున ఆమె, మధ్యాహ్నం ఈమె చెప్పేది ఒకే ముక్క. రోసెండా రెండు నోటుపుస్తకాల్లో, రెండు రంగుల సిరాతో, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుంది. అది తన గురించేనని మాత్రం ఆమెకు తట్టలేదు.

రెండో ఏడు మార్చి పదహారు, శనివారం. మధ్యాహ్నం రెండింటికి అటార్నీ సోబ్రెవేగా పరీక్ష పెట్టింది. పట్టుబడిన సరుకు జాబితా ఎక్కడ రాయాలి, ఎవరి ఎదుట రాయాలి, ఎందుకు రాయాలి? రోసెండా మూడు పేజీలు నింపింది. నాలుగింటికి క్లాసు అయింది. పిల్లలతో కలిసి అరటిపండు వేపుడు తిన్నది. ఆరింటికి ఫోను మోగింది.

ఎర్రచొక్కా కూడా మార్చుకోకుండా వెళ్లింది. బల్ల మీద రెండు పొట్లాలు, బిబింకా. గోడ దగ్గర నేల మీద డెల్ఫిన్ కూర్చుని ఉన్నాడు. ఊళ్లో అతన్ని ఎరగనివాళ్లు లేరు. పొద్దున్నే కావడికి రెండు వైపులా రెండు డబ్బాలు వేసుకుని, మెత్తటి సోయా పెరుగు మీద బెల్లంపాకం పోసి, "తాహోఓ..." అని సందుసందునా అరుస్తూ అమ్మేవాడు. రోసెండా కూడా రోజూ కొనుక్కునేది. ఆ డబ్బాలు ఇప్పుడు స్టేషన్ మూల పడి ఉన్నాయి. ఒక కానిస్టేబుల్ మూత తీసి, అడుగున మిగిలిన తాహో గరిటెతో గీరి, కప్పులో వేసుకుని, చప్పరిస్తూ తింటున్నాడు. అమ్మినవాడు సంకెళ్లతో ఎదురుగా కూర్చుని చూస్తున్నాడు.

"అక్కా," అన్నాడు డెల్ఫిన్. "మీరు చూశారా నా దగ్గర తీయడం?"

రోసెండా కాగితం చదవకుండానే సంతకం పెట్టింది. 'ఏ పుట్టలో ఏ పాముందో' అనుకుంది. పట్టా ముందు నిలబడి వేలు చూపించింది. ఇంటికెళ్లేలోపు తాహో అమ్మే ముసుగులో షాబు అమ్ముతున్న దొంగ దొరికాడని రేడియోలో వచ్చేసింది. పై శనివారం పరీక్ష కాగితం తిరిగొచ్చింది. ఇరవైకి ఇరవై. తేదీతో సహా ఆ కాగితాన్ని అద్దం పక్కన అంటించుకుంది.

ఆ తర్వాత పదమూడు నెలలకు, మూడో ఏడులో, ఇద్దరు పంతులమ్మలూ కలిసి ఒక పని ఇచ్చారు. కోర్టుకెళ్లి ఒక మత్తుపొడి కేసు విచారణ వినాలి. ఒకరికి వార్త రాయాలి, ఇంకొకరికి కేసు మంచిచెడ్డలు రాయాలి. రోసెండా వెనక బెంచీలో కూర్చుంది. ఏసీ మిషన్ నుంచి నీళ్లు కారి బకెట్లో చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. ఖైదీల పసుపు చొక్కా వేసుకున్న ఒక బక్కమనిషిని బోనులోకి తెచ్చారు. డెల్ఫినని పోల్చుకోవడానికి ఆమెకు కాసేపు పట్టింది. భుజాల ఎముకలు తేలాయి. అతనికి ప్రభుత్వం పెట్టిన పేదల వకీలు, మీసాలు సరిగ్గా రాని కుర్రాడు, సార్జెంట్ పానెస్‌ను ప్రశ్నలు అడుగుతున్నాడు.

"జాబితా ఎక్కడ రాశారు?"

"పట్టుకున్నచోటే సార్. సంత వెనక సందులో."

"మార్చి పదహారున ఎన్నింటికి?"

"రెండూ ఇరవైకి."

"సాక్షిగా సంతకం పెట్టిన విలేకరి అప్పుడు ఎక్కడున్నారు?"

"నా పక్కనే ఉన్నారు సార్. రోసెండా పాల్మారెస్ గారు. జాబితా రాసినంతసేపూ అక్కణ్నుంచి కదల్లేదు. చాలా బాధ్యత గల మనిషి."

పదకొండేళ్లలో పానెస్ నోట ఆమె పేరు వెనక 'గారు' రావడం అదే మొదలు. అలవాటుకొద్దీ ఆమె పెన్ను అంతా రాసేసింది. రెండూ ఇరవై. సందు. పక్కనే. మార్చి పదహారు అన్న మాట కూడా రాసి, అక్కడ ఆగింది. ఆ తేదీ రోజూ తల దువ్వుకుంటూ అద్దం పక్కన చూస్తున్నదే. ఆ రోజు రెండూ ఇరవైకి ఆమె సంత వెనక సందులో లేదు. జాబితా ఎక్కడ రాయాలో, ఎవరి ఎదుట రాయాలో, మూడు పేజీలు రాస్తూ ముందు బెంచీలో ఉంది.

లేచి ఆడవాళ్ల మరుగుదొడ్డికి పరిగెత్తింది. అక్కడ కుళాయిలో నీళ్లు లేవు. పగిలిన బకెట్లో అడుగున చారెడు, వాటి మీద దోమపిల్లలు. కక్కుకున్నంతా కక్కుకుని, అక్కడే గోడకానుకుని నిలబడింది. పొద్దున తిన్న రొట్టెలో కొబ్బరి వాసన వస్తోంది. తన నోరంటే తనకే అసహ్యం వేసింది. తన వేలంటే అంతకన్నా ఎక్కువ వేసింది.

మర్నాడు అటార్నీ సోబ్రెవేగా గదికి వెళ్లి ఉన్నదంతా చెప్పింది. ముసలావిడ మామిడిముక్క నమలడం ఆపింది.

"ఆ పరీక్షలో నీకెన్నొచ్చాయి?"

"ఇరవై."

"ఇరవైకి ఇరవై. రెండింటికి అంత బాగా రాసి, ఆరింటికి వెళ్లి దొంగ సంతకం పెట్టావా?"

"పరీక్ష పరీక్షే, పని పనే అనుకున్నాను అటార్నీ."

"అంటే ముప్పయ్యేళ్లుగా నేను గోడకి చెబుతున్నానన్నమాట పాఠం," అంది ఆవిడ. లేచి బీరువాలోంచి ఆ శనివారం హాజరుపట్టీ తీసి ముందు పడేసింది. రోసెండా సంతకం ఉంది, చివర ఎలకతోకలాంటి మెలికతో సహా. "ఇక్కడా నువ్వే, ఆ కాగితం మీదా నువ్వే. ఒకే రోజు, ఒకే గంట. రెండుచోట్లా ఉండటానికి నువ్వు దేవతవి కాదు."

"ఇది కోర్టుకిస్తే నాకేమవుతుంది?"

"నీ మీద కేసు పెట్టొచ్చు. రేడియోవాళ్లు గెంటేస్తారు. చదువులో భాగంగా పోలీసు స్టేషన్‌లో చేయాల్సిన మూణ్నెల్ల శిక్షణ కాగితం మీద పానెస్ సంతకం పెట్టడు, కాబట్టి డిగ్రీ ఆగిపోతుంది."

"ఇవ్వకపోతే?"

"ఆ తాహోవాడు చచ్చేదాకా లోపలే ఉంటాడు. షాబు అమ్మినందుకు శిక్ష యావజ్జీవం. చిటికెడైనా అంతే, చేటెడైనా అంతే," అని ఆవిడ ఇంకో ముక్క నోట్లో వేసుకుంది. "ఏడుపు మాత్రం ఇక్కడొద్దు. నాకు క్లాసుంది."

ఆ సాయంత్రం రోసెండా సంత దగ్గర హోటల్లో నూడుల్స్ పులుసు ముందు పెట్టుకుని కూర్చుంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, పిలవకుండానే పానెస్ వచ్చి ఎదుట కూర్చున్నాడు.

"నిన్న వెనక బెంచీలో చూశాను నిన్ను. చెబితే ముందు వరసలో కుర్చీ వేయించేవాణ్నిగా," అన్నాడు నవ్వుతూ.

"నేను సందులో ఉన్నానని చెప్పావు."

"మరేం చెప్పమంటావ్? స్టేషన్‌లో బిబింకా తింటున్నావని చెప్పనా? ఆ సందులో జాబితా రాస్తూ కూర్చుంటే జనం రాళ్లేస్తారు. అన్ని ఊళ్లలోనూ ఇంతే. నువ్వేం చిన్నపిల్లవా?"

"సరే, రాత స్టేషన్‌లో అయింది. పొట్లాలు అతని దగ్గరే దొరికాయా?"

పానెస్ ఆమె గిన్నె తన వైపు లాక్కుని, ఆమె చెంచాతోనే రెండు గుక్కలు తాగి, మూతి తుడుచుకున్నాడు. డెల్ఫిన్‌ను పట్టుకున్న నెలలో, పైవాళ్లు ఇన్ని అరెస్టులు చేయాలని పెట్టిన లెక్క ఇంకా నిండలేదని స్టేషన్‌లో అనుకున్న మాట రోసెండాకు అప్పుడు గుర్తొచ్చింది. తనే విన్నది. విని, నవ్వింది కూడా.

"చూడు విలేకరమ్మా," అన్నాడు పానెస్. "నీ శిక్షణ కాగితం నా సొరుగులో ఉంది. రేపు రా, సంతకం పెట్టేస్తా. మూణ్నెల్లు రానక్కర్లేదు. పదకొండేళ్లు నా బిబింకా తిన్నదానివి, నీ దగ్గర నాకు హాజరేంటి?"

"ఆ తిండి మాట ఎత్తకు. మళ్లీ వాంతొస్తుంది."

"ఓహో, అంత సుకుమారం ఎప్పట్నుంచి? ఎండుచేపల బుట్టలో పుట్టినదానివి!"

"అవును. అక్కడ కంపు పైకి తెలిసేది," అని రోసెండా లేచింది. పులుసు డబ్బులు బల్ల మీద పెట్టి, సరాసరి పేదల వకీలు ఇంటికి నడిచింది.

ఆమె బోనెక్కే రోజు కోర్టు నిండిపోయింది. రేడియో తరఫున వార్త రాసుకోవడానికి ఆ డిగ్రీ కుర్రాడు వచ్చాడు. పేదల వకీలు అడిగినవాటికి ఆమె సూటిగా జవాబిచ్చింది. సందులో లేను. క్లాసులో ఉన్నాను. సంతకం ఆరింటికి స్టేషన్‌లో పెట్టాను. చదవకుండా పెట్టాను. ఫొటోలో వెనక ఉన్నది పట్టా, దాని వెనక ఉన్నది స్టేషన్ గోడ. తర్వాత ప్రభుత్వ ప్రాసిక్యూటరు లేచాడు. అతనికి ఒళ్లు మండిపోతోంది.

"ఇలాంటి సంతకాలు ఇంకా పెట్టారా?"

"పెట్టాను."

"ఎన్ని?"

"లెక్క పెట్టుకోలేదు సార్. రెండొందలు దాటి ఉంటాయి."

"వాటిలో కళ్లారా చూసి పెట్టినవి?"

"వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు."

కోర్టులో గుసగుసలు లేచాయి. జడ్జి బల్ల మీద కొట్టింది. ప్రాసిక్యూటరు చేతులు కట్టుకున్నాడు.

"అంటే అబద్ధమాడటం మీకు రోజువారీ పని. పదకొండేళ్లు కాగితం మీద ఆడారు. ఇవాళ నోటితో మాత్రం నిజం చెబుతున్నారని మేము నమ్మాలి. ఎందుకు నమ్మాలమ్మా?"

"నన్ను నమ్మొద్దు," అంది రోసెండా. "హాజరుపట్టీని నమ్మండి. అందులో నా పక్కన ఇంకో ముప్పైమంది సంతకాలున్నాయి."

డెల్ఫిన్ విడుదలయ్యాడు. అందుకు ఇంకో ఏడు వారాలు పట్టింది. అటార్నీ సోబ్రెవేగా చెప్పినవన్నీ పొల్లుపోకుండా జరిగాయి. రేడియో మేనేజరు ఫోనులోనే పొమ్మన్నాడు. ఆ డిగ్రీ కుర్రాడు ఆమె గురించి చదివిన వార్తలో ఆమెను 'విలేకరినని చెప్పుకునే ఒక మహిళ' అన్నాడు. కేసు పెట్టేది లేనిది ప్రభుత్వ వకీళ్లు ఇంకా ఆలోచిస్తున్నారు. పానెస్‌ను పక్క ఊరికి బదిలీ చేశారు. అక్కడ అతనికి ఇంకో విలేకరి దొరికే ఉంటాడు.

విడుదలైన రోజు జైలు గేటు దగ్గరికి రోసెండా వెళ్లింది. ఎందుకెళ్లిందో ఆమెకే తెలియదు. ఎవరైనా చేయి పట్టుకుంటారని ఆశపడి ఉంటుంది. మనిషి కదా. డెల్ఫిన్ భార్య ఎర్లిండా ఆమెను ఎగాదిగా చూసింది.

"దణ్ణం పెట్టమంటావా ఏంటి?"

"లేదు. చూసిపోదామని వచ్చా."

"ఇవాళ చూడ్డానికొచ్చావా? చూడాల్సినరోజు చూళ్లేదుగా! నా పిల్లలు ఏడాదిన్నర దొంగ పిల్లలని పిలిపించుకున్నారు. ఇరుగింటివాళ్లు రేడియో గొంతు పెంచి మరీ వినిపించారు నాకు నీ వార్త. నిప్పంటించినదానివే చెంబెడు నీళ్లు పోసి, ఇల్లు నిలబెట్టానంటే ఎలా?"

నాలుగు రోజుల తర్వాత డెల్ఫిన్ మళ్లీ కావడి ఎత్తాడు. రోసెండా ఉండే సందు మొదట్లోకి వచ్చేసరికి అరుపు ఆపేస్తాడు. సందు దాటాక మళ్లీ అందుకుంటాడు. ఆ సందులో పిల్లలకు తాహో కావాలంటే ఇప్పుడు పెద్దరోడ్డుకి పోవాల్సిందే.

ఇంతటితో అయిపోతే బాగుండేది. ఆ నెలాఖరున ఒక పొద్దున తలుపు తీసేసరికి మెట్ల మీద ముగ్గురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ఒక్కొక్కరి చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, కవరులో ఒక సరుకు జాబితా జెరాక్సు కాగితం. ప్రతి కాగితం కిందా ఎలకతోక సంతకం. ఒకామె మొగుడిది, ఒకామె కొడుకుది, ఒకామె చెల్లెలిది. ప్రాసిక్యూటరు కోర్టులో అడిగిన ప్రశ్న, దానికి ఆమె చెప్పిన జవాబు, జైలు గోడలు దాటి ప్రతి గదికీ వెళ్లాయి.

"ఈ తేదీన నువ్వక్కడున్నావా?" అని అడిగింది మొదటామె. ఇంకేమీ అడగలేదు.

రోసెండా పాత డైరీలు తీసింది. విలేకరి కాబట్టి ఏ రోజు ఎక్కడ తిరిగిందీ రాసుకునే అలవాటుంది. వెతికి, తేదీ చూసి, "లేను," అంది. ఒక తెల్లకాగితం మీద అదే ముక్క రాసి సంతకం పెట్టి ఇచ్చింది. రెండో ఆమెకూ లేను. మూడో ఆమెకూ లేను. మర్నాడు ఏడుగురు వచ్చారు. ఆ వారం చివరికి సంతకు వెళ్లేవాళ్లు ఆ మెట్లు చూసి, రోసెండా ఇంట్లో ఎవరు పోయారని అడిగేవారు. కూర్చున్నవాళ్లలో ఎవరూ ఆమెతో మంచిగా మాట్లాడలేదు. ఆమె ఇచ్చిన మంచినీళ్లు తాగలేదు. కాగితం తీసుకుని, సంతకం మెలిక పాతదానితో కలిసిందో లేదో పోల్చి చూసుకుని, వెళ్లిపోయేవారు. రాసి రాసి రోసెండాకు ఆ మెలిక చూస్తేనే వికారం పుట్టేది. అయినా అది లేకుండా పెడితే చెల్లదు.

ఎనిమిదో రోజు పెర్పెతువా అనే ఆమె వచ్చింది. యాభై దాటిన మనిషి. రేవులో వలలు కుట్టి కుట్టి వేళ్లు పగిలి ఉన్నాయి. ఆమె మొగుడు లోపలికెళ్లి నాలుగేళ్లయింది. కాగితం మీద తేదీ ఆగస్టు తొమ్మిది, చోటు చేపల రేవు. రోసెండాకు డైరీ తీయాల్సిన అవసరం రాలేదు. ఆ రోజు పడవ మునిగిన వార్త కోసం ఆమె రేవులోనే ఉంది. పది అడుగుల దూరంలో గొడవ లేచింది. పెర్పెతువా మొగుడు తన గడ్డిటోపీ అంచులోంచి పొట్లం తీసి ఇంకొకడి చేతిలో పెట్టడం, పోలీసులు మీదపడటం, బస్తాల మీద కాగితం పెట్టి జాబితా రాయడం, అన్నీ చూసింది. ఆ ఒక్క కాగితంలో ప్రతి అక్షరమూ నిజం.

"ఉన్నాను అక్కా," అంది.

పెర్పెతువాకు అర్థం కాలేదు. "తేదీ సరిగ్గా చూడు. కళ్లజోడు పెట్టుకో."

"చూశాను. ఉన్నాను. టోపీలోంచి తీయడం కూడా చూశాను."

మెట్ల మీదున్నవాళ్లు ఇటు తిరిగారు. పెర్పెతువా ముందుకు వంగి, గొంతు తగ్గించింది.

"అమ్మా, పొద్దున్నించి ఇంతమందికి లేనన్నావు. ఇంకొక్కసారి అంటే నీ సొమ్మేం పోయింది? మా ఆయన చేశాడనే అనుకో. చిటికెడు. దానికి బతుకంతానా? నువ్వే చెప్పు, న్యాయం చదివావుగా. ఇది న్యాయమా?"

"కాదు."

"మరి రాయి."

రోసెండా పెన్ను పట్టుకుంది. తెల్లకాగితం ముందే ఉంది. ఒక్క మాట, ఒక మెలిక. పెర్పెతువా పగిలిన వేళ్లతో ఆ కాగితాన్ని ఆమె వైపు ఇంకాస్త జరిపింది. రోసెండా పెన్ను కింద పెట్టింది.

"రాయలేను. నేను ఒక్కటి అబద్ధం రాసినట్టు తేలితే, ఈ వారం రాసినవన్నీ చిత్తుకాగితాలే. వీళ్లందరి మనుషులూ లోపలే ఉండిపోతారు."

"ఓహో," అంది పెర్పెతువా. లేచి నిలబడింది. ఇప్పుడు గొంతు తగ్గించలేదు. "పోలీసులకు రెండొందల అబద్ధాలు రాసిపెట్టావు, రొట్టెముక్క కోసం. నేను కాళ్లు పట్టుకుంటే మాత్రం నీకు నిజం పుట్టుకొచ్చింది. వెతికి వెతికి నా మొగుడి దగ్గరే పుట్టిందా అది?"

గుమ్మంలో ఉమ్మేసి, మెట్లు దిగి వెళ్లిపోయింది. రోసెండా తడిగుడ్డ తెచ్చి గుమ్మం తుడిచింది. మెట్ల మీద ఇంకా నలుగురు ఉన్నారు. ఆమె 'ఉన్నాను' అనడం అందరూ విన్నారు. తర్వాతి వంతు ఎవరిదని అడిగితే, ముందున్నామె కవరులోంచి సగం తీసిన కాగితాన్ని మళ్లీ లోపలికి తోసి, రెండు చేతులతో ఒళ్లో అదిమి పట్టుకుని కూర్చుంది.